తరగతి గదిలో జమా ఖర్చు: పిల్లల చేత బడ్జెట్ వేయించే ఆరు వారాల పద్ధతి

బడ్జెట్ గురించి చెప్పమంటే చాలా బడుల్లో జరిగేది ఒకటే. నల్లబల్ల మీద ఆదాయం, ఖర్చు, మిగులు అని మూడు గళ్లు గీస్తారు. అంకెలిస్తారు. పిల్లలు తీసివేతలు చేసి చూపిస్తారు, అందరికీ రైటు పడుతుంది. అదే పిల్లలు సాయంత్రం గేటు బయట బండి దగ్గర చేతిలో ఉన్న ఇరవై రూపాయలూ రెండు నిమిషాల్లో ఊడ్చేస్తారు. వాళ్లకి తీసివేత రాక కాదు. ఖర్చు పెట్టకముందు ఒక అంకె రాసుకోవడం, పెట్టాక దాని పక్కన ఇంకో అంకె రాయడం, రెండూ ఎందుకు కలవలేదో చూసుకోవడం ఎవరూ వాళ్ల చేత చేయించలేదు.

కింద చెప్పిన పనులన్నీ ఆ రెండు అంకెల చుట్టూనే తిరుగుతాయి. మొదటి వరస పేరు ‘అనుకున్నది’, రెండో వరస పేరు ‘అయినది’. మొదటి వరస నింపని జట్టుకి గింజ గానీ, గవ్వ గానీ, రూపాయి గానీ ఇవ్వకండి. ఇదొక్కటి సడలిస్తే మిగతాదంతా ఉత్త దుకాణం ఆట అయిపోతుంది.

లెక్కలన్నీ 6, 7 తరగతులకి, 40 మంది పిల్లలకి, ఐదుగురేసి చొప్పున ఎనిమిది జట్లకి వేశాం. వారానికి రెండు పీరియడ్లు, ఆరు వారాలు పడుతుంది. దసరా సెలవులు అవగానే మొదలుపెడితే ఆఖరి వారం కార్తీక మాసం చివర్లోకి వస్తుంది. అది ఎందుకో వనభోజనం దగ్గర తెలుస్తుంది.

ముందు సమకూర్చుకోవాల్సినవి

చింతగింజలు 500 కావాలి. కోస్తాలో చింతపిక్కలంటారు. కడిగి ఎండబెట్టినవైతే ఏళ్ల తరబడి పనికొస్తాయి. బఠాణీలు, శనగలు వద్దు, సగం నోట్లోకి పోతాయి. చార్టులు ఎనిమిది, పాత కవర్లు నలభై, ఏ4 కాగితాలు రెండు వందలు, మూత గట్టిగా పడే డబ్బా ఒకటి. ఆ డబ్బా తరగతి గల్లా పెట్టె. పిల్లలు ఒక్కొక్కరికి ఒక చిట్టా పుస్తకం ఉండాలి. కొనక్కర్లేదు, నాలుగు ఏ4 కాగితాలు మధ్యకి మడిచి దారంతో కుడితే పదహారు పేజీలొస్తాయి, ఆరు వారాలకి చాలు.

రెండు జాగ్రత్తలు. మీ ఇంట్లో నెలకి ఎంతొస్తుందని ఏ పిల్లనీ, పిల్లాణ్నీ అడగొద్దు, రాసుకురమ్మని అసలే చెప్పొద్దు. ఒకే బెంచీ మీద రోజుకూలీ చేసేవాళ్ల పిల్ల, ఉద్యోగస్తుల పిల్ల కూర్చుంటారు. ఈ పనుల్లో కుటుంబాలన్నీ కల్పితం. రెండోది, అసలు నోట్లని రంగు జిరాక్సు తీసి ఆట నోట్లుగా వాడొద్దు. కరెన్సీ నోటుని పోలిన కాగితం తయారు చేయడం భారతీయ న్యాయ సంహిత 182 సెక్షన్ కింద నేరం. పిల్లల చేతే సొంత నోట్లు గీయించండి, వాళ్లకీ అదే సరదా.

మొదటి వారం: చింతగింజల నెల

ఒక్కో జట్టు ఒక కుటుంబం. అమ్మ, నాన్న, ఇద్దరు పిల్లలు, నాయనమ్మ. ఒక గింజ 500 రూపాయలు. నెలకి 30 గింజలు, అంటే 15,000 రూపాయలు. ప్రతి జట్టు చార్టు మీద ఈ గళ్లు గీసుకుంటుంది:

- అద్దె: ఒక గది అయితే 5 గింజలు, రెండు గదులైతే 8
- కిరాణా: రేషన్ బియ్యంతో కలిపి 5, అన్నీ కొట్లో కొంటే 8
- కూరగాయలు, పాలు: 4, వాటితో పాటు గుడ్లు, ఆదివారం మాంసం అయితే 6
- గ్యాస్, కరెంటు: ఫ్యాన్లతో సరిపెడితే 2, కూలరు కూడా ఉంటే 3
- రాకపోకలు: బస్సు అయితే 1, బండికి పెట్రోలు అయితే 3
- ఫోన్లు: ఒకటైతే 1, రెండైతే 2
- బడి ఖర్చులు: 2, ట్యూషన్ కలిపితే 4
- నాయనమ్మ మందులు: 1
- బట్టలు, పండగ: 0 నుంచి 3
- సరదాలు: 0 నుంచి 2
- పొదుపు: ఎన్నయినా

అన్నిట్లోనూ తక్కువది ఎంచుకుంటే 21 గింజలు అవుతాయి. అన్నిట్లోనూ పెద్దది కావాలంటే పొదుపు లేకుండానే 40. చేతిలో ఉన్నవి 30. ఆట బిగువంతా ఈ మూడు అంకెల మధ్య ఉంది. మీ ఊరి అద్దెలు, ధరల్ని బట్టి గళ్లు మార్చుకోవచ్చు గానీ, కనీసానికీ ఆదాయానికీ మధ్య ఎడం పది గింజలు దాటనీయకండి. ఎక్కువ మిగిలితే ఎంచుకోవాల్సిన అవసరమే రాదు.

పది నిమిషాలు నియమాలు చెప్పడానికి, పదిహేను నిమిషాలు గింజలు పెట్టడానికి, పది నిమిషాలు మిగతా జట్ల చార్టులు చూసి రావడానికి, చివరి ఐదు నిమిషాలు ఆ గింజల లెక్కనే చిట్టాలో ‘అనుకున్నది’గా ఎక్కించడానికి. ఈ ఒక్క ఆటలో గింజలు పెట్టడమే ‘అనుకున్నది’, అందుకే గింజలు ముందు ఇస్తున్నాం.

ఇక్కడ రెండు తప్పులు దాదాపు ప్రతిసారీ జరుగుతాయి. జట్టులో గట్టిగా మాట్లాడే ఒక పిల్లాడు మొత్తం గింజలు పంచేసి కూర్చుంటాడు, మిగతా నలుగురూ చూస్తూ ఉంటారు. దీనికి మందు సులువు: తలా ఆరు గింజలు చేతికివ్వండి, ఎవరి గింజ వాళ్ల చేత్తోనే పెట్టాలి. అప్పుడు బతిమాలడాలు, బేరాలు మొదలవుతాయి. ఆ గోలని ఆపకండి, ఆ బేరాల్లోనే పాఠం ఉంది. రెండో తప్పు కాస్త మర్యాదగా కనిపిస్తుంది. ఒక జట్టు తొమ్మిది గింజలు పొదుపులో పెట్టి మీ మెప్పు కోసం చూస్తుంది. పండక్కి సున్నా, సరదాకి సున్నా. ‘సంక్రాంతికి ఇంట్లో ఎవరికీ గుడ్డ ముక్క లేదా? ఏడాదంతా ఇలాగే గడుపుతారా?’ అని అడగండి. ఎవరూ పాటించలేని బడ్జెట్ కాగితం మీద ఎంత అందంగా ఉన్నా చెడ్డ బడ్జెట్టే.

రెండో పీరియడ్‌లో వాన కురుస్తుంది. పనులు దొరకలేదు, ఈ నెల ఆదాయం 24 గింజలు. నియమం ఒకటుంది: అద్దె, బడి ఖర్చు నెల మధ్యలో మారవు. మిగతావి మార్చుకోవచ్చు. పోయిన నెల పొదుపు గింజలుంటే తీసి వాడుకోవచ్చు.

రెండు గదుల ఇల్లు, ట్యూషన్ రెండూ పెట్టుకున్న జట్టు ఇప్పుడు ఇరుకున పడుతుంది. వాళ్ల కదలని ఖర్చే 12. మిగతావన్నీ కనీసానికి దించినా ఇంకో 14 కావాలి. మొత్తం 26, చేతిలో 24. పొదుపులో రెండు గింజలున్న జట్టు గట్టెక్కుతుంది, లేని జట్టు ఆగిపోతుంది. అప్పుడు మీరు గింజలు సర్దకూడదు. పిల్లలు దిగాలుగా చూస్తారు, మనసు కరిగి రెండు గింజలు పడేయాలనిపిస్తుంది. వద్దు. ‘ఎవరిని అడుగుతారు? ఏం చెప్పి తెస్తారు? ఎప్పుడు తీరుస్తారు?’ అనే మూడు ప్రశ్నలు చిట్టాలో రాయించి అక్కడితో పీరియడ్ ముగించండి. అప్పు పాఠం నాలుగో వారంలో ఉంది, దానికి ఈ ఇబ్బందే పునాది. కదలని ఖర్చు, కదిలే ఖర్చు అన్న మాటలు ఈ రోజే బల్ల మీద రాయాలి, అంతకుముందు కాదు.

అవసరమా, కోరికా అని అడగకండి

చాలా పాఠాల్లో ఉండే ఈ ప్రశ్న తరగతిలో సరిగ్గా పనిచేయదు. పిల్లలు మీకు కావాల్సిన జవాబు పసిగట్టి చెప్పేస్తారు. ఫోన్ రీఛార్జ్ కోరిక అంటారు. అమ్మకి పని కబురు ఆ ఫోన్‌కే వస్తుందని ఎవరికో గుర్తొస్తుంది, వాదన మొదలవుతుంది, ఎటూ తేలదు. దానికి బదులు ‘ఎన్నాళ్లు ఆగగలం?’ అని అడగండి. నేల మీద సుద్దతో మూడు గీతలు: ఇవాళే, నెలాఖరు దాకా ఆగొచ్చు, పండగ దాకా ఆగొచ్చు. పన్నెండు చీటీలు చాలు. తెగిన చెప్పు, నాయనమ్మ బీపీ మాత్రలు, కొత్త క్రికెట్ బ్యాటు, చెల్లి పుట్టినరోజు కేకు, కారుతున్న కుళాయి, నోటు పుస్తకాలు, ఇలాంటివి. చెప్పు ముందు ‘పండగ దాకా’లో పడుతుంది, ‘కుట్టించుకుంటే పది రోజులు నడుస్తుంది’ అని ఎవరో అంటారు. కుళాయి దగ్గర ఆగితే ఖర్చు పెరుగుతుందని ఇంకొకరు కనిపెడతారు. ఇరవై నిమిషాల పని, రెండో వారం మొదటి పీరియడ్‌లో చేయించండి.

రెండో వారం నుంచి ఐదో వారం దాకా: గవ్వల ఖజానా

మన దేశంలో ఒకప్పుడు గవ్వలే చిల్లర డబ్బులు. అందుకే తరగతి డబ్బుకి గవ్వ అని పేరు పెడదాం. ఇది నాలుగు వారాలు రోజువారీ పనుల పక్కనే నడుస్తుంది. దీనికి సోమవారం పది నిమిషాలు, శుక్రవారం పదిహేను నిమిషాలు కేటాయిస్తే చాలు.

సోమవారం ప్రతి ఒక్కరికీ 100 గవ్వలు జీతం. 20 నోట్లు రెండు, 10 నోట్లు నాలుగు, 5 నోట్లు మూడు, 2 నోట్లు రెండు, 1 నోటు ఒకటి. మొత్తం పన్నెండు నోట్లు. నలభై మందికి 480 నోట్లు. ఏ4 కాగితానికి పదహారు నోట్లు గీస్తే 30 కాగితాలు. పిల్లలు దాచుకునే నోట్లు వెనక్కి రావు కాబట్టి ఇంకో పది కాగితాలు అదనంగా చేయించండి. 100 నోటు వద్దు. చిల్లర లెక్కపెట్టి ఇవ్వడం, తీసుకోవడం పోతే సగం పని పోయినట్టే.

కచ్చితంగా కట్టాల్సినవి: బెంచీ అద్దె 30, కరెంటు 10, నీళ్లు 5. మొత్తం 45. మిగిలే 55 వాళ్ల ఇష్టం. శుక్రవారం సంతలో రబ్బరు 5, పెన్సిలు 10, లైబ్రరీ పుస్తకం రెండో వారానికి ఉంచుకోవడం 15, ఒక రోజు నచ్చిన చోట కూర్చోవడం 25, గాలిపటం నూలు దారంతో సహా 150. గాలిపటం ధర ఊరికే పెట్టింది కాదు. ఏమీ కొనకుండా మూడు వారాలు దాస్తే 165 అవుతుంది. నాలుగు వారాలకి 220, అంటే 70 గవ్వలు సరదాగా ఖర్చు పెట్టినా గాలిపటం వస్తుంది. ఈ సంగతి మీరు చెప్పకండి. ఎవరో ఒకరు రెండో శుక్రవారానికల్లా లెక్కకట్టి పక్కవాళ్లకి చెబుతారు.

జీతం చేతికి అందేముందే చిట్టాలో ఈ వారం ‘అనుకున్నది’ రాయాలి. శుక్రవారం సంత అయ్యాక ‘అయినది’. నోట్లు కవర్లో పెట్టి, పేరు, రోల్ నంబరు రాసి బీరువాలో పెట్టాలి. జేబుల్లో ఉంటే మంగళవారానికి చిరుగుతాయి, బుధవారానికి పోతాయి, గురువారం దొంగతనం పంచాయితీ మీ దగ్గరికొస్తుంది.

ఇక్కడ ఉపాధ్యాయులు చేసే తప్పులే పిల్లలవాటికంటే ఎక్కువ.

అల్లరి చేస్తే జరిమానా, హోంవర్క్ చేస్తే బహుమానం అని గవ్వల్ని క్రమశిక్షణకి వాడడం మొదటిది. రెండు వారాల్లో బడ్జెట్ మాట పక్కకి పోయి, పిల్లలకి గవ్వలంటే భయమో దురాశో మిగులుతుంది. హోంవర్క్ మినహాయింపు అమ్మడం ఇంకా చెడ్డది. డబ్బు పెట్టి తప్పించుకోవాల్సిన బాధ చదువు అని మనమే ధర కట్టి చెప్పినట్టు అవుతుంది.

మంచి పనికల్లా అదనపు గవ్వలు పంచడం రెండోది. అందరి దగ్గరా గవ్వలు పేరుకుంటాయి, శుక్రవారం సంతలో పెన్సిళ్లు అయిపోతాయి, ఒక పెన్సిలుకి పిల్లలే 20 ఇస్తామంటారు. పొరపాటున ఇది జరిగితే మాత్రం వదులుకోకండి. డబ్బు పెరిగి సరుకు పెరగకపోతే ధర ఏమవుతుందో చెప్పడానికి ఇంతకంటే మంచి రోజు దొరకదు.

పిల్లలు ఒకరికొకరు చేబదులు ఇచ్చుకుంటారు. ఆపక్కర్లేదు. ఇచ్చినవాళ్ల చిట్టాలో, తీసుకున్నవాళ్ల చిట్టాలో, రెండు చోట్లా తేదీతో సహా రాయాలి, పక్కన సాక్షి సంతకం ఉండాలి. మాట మీద ఇచ్చింది బడి లెక్కలోకి రాదు.

ఐదో వారంలో ఒక మార్పు చేయండి. సగం తరగతికి నోట్లు ఇవ్వకుండా, ‘నిల్వ 100’ అని రాసిన చీటీ మాత్రమే ఇవ్వండి. కొన్నప్పుడల్లా మీ బల్ల మీద క్యూఆర్ కోడ్‌లా గీసి పెట్టిన గడుల బొమ్మకి చీటీ చూపించి వెళ్లాలి, మిగులు వాళ్లే గుర్తుంచుకోవాలి. ఇంట్లో ఫోన్‌తో స్కాన్ చేసి కట్టడం వాళ్లు రోజూ చూస్తున్నదే. శుక్రవారం రెండు సగాల చిట్టాలూ పక్కపక్కన పెట్టి, ఎవరి నిల్వ ఎంత తేడా వచ్చిందో వాళ్ల చేతే లెక్కకట్టించండి.

మూడో వారం: ధర చదవడం

దీనికి పెద్దగా చెప్పేదేమీ లేదు, పిల్లలకి అలవాటైన పనే. ఇంట్లో ఖాళీ అయిన ప్యాకెట్లు తెమ్మనండి: బిస్కెట్లు, సబ్బు, పప్పు, నూనె. గరిష్ఠ చిల్లర ధర, బరువు వెతికి 100 గ్రాములకి ఎంత పడిందో కట్టాలి. చాలా ప్యాకెట్ల మీద గ్రాముకింత అనే ధర కూడా చిన్న అక్షరాల్లో ఉంటుంది, దాంతో సరిచూసుకోవచ్చు. పెద్ద ప్యాకెట్ ఎప్పుడూ చవక అని అనుకుంటారు. ఒకటి రెండు వస్తువుల్లో అది తప్పని తేలుతుంది. తేలకపోయినా పెద్ద ప్యాకెట్ కొని సగం పురుగు పట్టించిన ఇల్లు ఎవరిదో ఒకరిది ఉంటుంది.

దగ్గర్లో రైతు బజారు ఉంటే ఒక పూట తీసుకెళ్లండి. 1999లో ఉమ్మడి రాష్ట్రంలో మొదలైన ఈ బజార్లలో ఆ రోజు కిలో ధరలు బోర్డు మీద రాసి పెడతారు. పది కూరగాయల ధరలు రాసుకుని, వచ్చేదారిలో తోపుడు బండి మీద అవే అడగాలి. బండి మీద ‘పావు ఇరవై’ అంటారు. అది కిలోకి ఎనభై అని అప్పటికప్పుడు నోటితో చెప్పగలగాలి. బండివాళ్లు మోసం చేస్తున్నారన్న మాట మాత్రం రానీయకండి. ఇంటి గుమ్మం దాకా తెచ్చిన శ్రమ, వాడిపోతే వాళ్లు భరించే నష్టం ఆ తేడాలో ఉన్నాయి.

నాలుగో వారం: నూటికి రెండు రూపాయలు

వడ్డీని పిల్లలు పాఠ్యపుస్తకంలో ఏడాదికి నూటికింత అని చదువుతారు. ఊళ్లో వినేది వేరు: ‘రెండు రూపాయల వడ్డీకి తెచ్చాం.’ అంటే నెలకి నూటికి రెండు. ఏడాదికి 24 శాతం. ఈ రెండు భాషల మధ్య వంతెన కట్టడమే ఈ వారం పని. బ్యాంకు 12 శాతం అంటే ఊరి లెక్కలో రూపాయి వడ్డీ. ఈ పోలిక ఒక్కసారి తలకెక్కితే జన్మలో మర్చిపోరు.

గది మధ్యలో నేల మీద 100 చింతగింజలు పది పది వరసల్లో పేర్చండి. పన్నెండు మంది పిల్లలు పన్నెండు నెలలు. కార్తీకం, మార్గశిరం అని పేర్లు పెట్టుకుంటే మరీ మంచిది. ఒక్కో నెల వచ్చి పక్కన రెండేసి గింజలు పెట్టి వెళుతుంది. చివరికి 24. తర్వాత నూటికి మూడు పెట్టి చేయండి: 36. ఇప్పుడు అసలు విషయం. వడ్డీ కట్టలేక అసలులో కలిపితే రెండు రూపాయల వడ్డీకి 100 ఏడాదిలో 126 దాటి 127కి చేరువవుతుంది, మూడు రూపాయలకి 142 దాటుతుంది. గింజని ముక్కలు చేయలేం కాబట్టి ఈ భాగం బల్ల మీద లెక్కకట్టి, చివరి మొత్తానికి గింజలు పేర్చి చూపించండి. మూడు రూపాయల వడ్డీకి వచ్చిన 36 కుప్ప, 42 కుప్ప పక్కపక్కన చూసినప్పుడు ఇంకేమీ చెప్పక్కర్లేదు.

ఇప్పుడు మొదటి వారం చిట్టా తెరిపించండి. రెండు గింజలు, అంటే వెయ్యి రూపాయలు తక్కువ పడ్డ జట్టు దాన్ని రెండు రూపాయల వడ్డీకి తెచ్చిందనుకుందాం. నెలకి ఇరవై రూపాయలు. ‘ఇంతేనా?’ అంటారు. ఏడాది తీర్చకపోతే 240. ఫోన్ రీఛార్జ్ ఒకటి పోయింది. అదే పండక్కి ఇరవై వేలు తెస్తే నెలకి నాలుగు వందలు. ఇంట్లో అమ్మ డ్వాక్రా సంఘంలో ఉన్న పిల్లలు తరగతిలో ఉంటే, సంఘం పాస్‌బుక్‌లో నెల నెలా పొదుపు, అప్పు కంతు ఎక్కడ రాస్తారో ఆ పిల్లలే చెబుతారు. సంఘం లీడరుని ఒక అరగంట పిలవగలిగితే మన ఉపన్యాసం కంటే మేలు. ఆమెని అప్పుల మొత్తాలు అడగొద్దు, కంతు తప్పినప్పుడు సంఘం ఏం చేస్తుందో అడగండి.

ఐదు, ఆరు వారాలు: వనభోజనం బడ్జెట్

ఇంతవరకూ గింజలు, గవ్వలు. ఇప్పుడు అసలు రూపాయలు. కార్తీకం వనభోజనాల మాసం, ఆఖరి వారం అందులోకి వచ్చేలా చూసింది అందుకే. ఉసిరి చెట్టు దొరికితే దాని కింద, లేకపోతే ఏ తోటలోనైనా సరే. 40 మంది పిల్లలు, ముగ్గురు పెద్దవాళ్లు.

బియ్యం కొలత దగ్గర మొదలుపెట్టండి. మధ్యాహ్న భోజన పథకంలో ప్రాథమికోన్నత పిల్లలకి తలా 150 గ్రాముల బియ్యం, 30 గ్రాముల పప్పు, 75 గ్రాముల కూరగాయలు లెక్క. ఆ లెక్కన నలభై మందికి 6 కిలోలు, పెద్దవాళ్లకి ఇంకో అర కిలో. అందులో 4 కిలోలు పులిహోరకి, రెండున్నర దద్దోజనానికి. కింది ధరలు లెక్క చూపడానికి వేసినవి, మీ ఊరి ధరలు పిల్లల చేతే కనుక్కోమనండి:

- బియ్యం 6.5 కిలోలు, రూ.50 చొప్పున: రూ.325
- చింతపండు అర కిలో: రూ.100
- నూనె అర లీటరు: రూ.80
- పల్లీలు 400 గ్రాములు: రూ.60
- పోపు సామాను, ఉప్పు, అల్లం, పచ్చిమిర్చి, కరివేపాకు: రూ.120
- పెరుగు 4 లీటర్లు, పాలు ఒక లీటరు: రూ.300
- అరటిపళ్లు 4 డజన్లు: రూ.200
- విస్తళ్లు 50: రూ.150
- నీళ్ల క్యాన్లు 2: రూ.40
- కట్టెలు లేదా గ్యాస్: రూ.150
- సామాను ఆటో: రూ.300

మొత్తం రూ.1,825. తలా 50 వేసుకుంటే రూ.2,000 వస్తుంది. మిగిలే 175 ‘అనుకోని ఖర్చు’ పద్దు. దాన్ని మొదటి రోజే విడిగా కవర్లో పెట్టి, ఏ ఇద్దరు సరేనంటే తీయాలో తేల్చుకోవాలి. 50 ఇవ్వలేని ఇళ్లు ఉంటాయి కాబట్టి ఇంకో దారి పెట్టండి: అందరూ తలా ఒక గ్లాసు బియ్యం తెస్తారు. అప్పుడు నగదు ఖర్చు రూ.1,500కి దిగుతుంది, పదో వంతు అనుకోని ఖర్చు కలిపితే 1,650. తలా 42 రూపాయలు. బియ్యం అందరూ తేవాలి. కొందరు డబ్బు, కొందరు బియ్యం అంటే ఎవరు లేనివాళ్లో ఊరంతా తెలిసిపోతుంది. ఆ 42 కూడా కష్టమైతే బడి నిధి నుంచి సర్దండి, లెక్కలో ‘విరాళం’ అని ఒక్క పద్దు రాస్తే చాలు, పేరు అక్కర్లేదు.

ఎనిమిది జట్లకి పనులు పంచండి. ధరలు కనుక్కోవడానికి రెండు జట్లు, ఒకే వస్తువుని వేరు వేరు కొట్లలో అడగాలి. కొనుగోలుకి ఒకటి. డబ్బు, లెక్కలకి ఒకటి, అందులో గల్లా పెట్టె ఒకరిది, చిట్టా ఇంకొకరిది: డబ్బు పట్టుకున్న చేయి, లెక్క రాసే చేయి ఒకటి కాకూడదు. పెద్ద సంస్థల్లోనూ ఇదే నియమం. సరుకు తూకం వేసి తీసుకోవడానికి ఒక జట్టు, వంటకి సాయం ఒకటి, రవాణా ఒకటి, చివర్లో ‘అయినది’ వరస నింపి తేడాలు చదవడానికి ఒకటి. పొయ్యి దగ్గరికి, కాగే నూనె దగ్గరికి పిల్లల్ని పంపకండి. కడగడం, తరగడం, వడ్డించడం చాలు.

కిరాణా కొట్లో చీటీ అడిగి తీసుకోవాలి. కరివేపాకు అమ్మే అమ్మ దగ్గర చీటీ ఉండదు. అప్పుడు పిల్లలే ఓ ముక్క కాగితం మీద తేదీ, వస్తువు, తూకం, ధర, కొన్నవాళ్ల పేరు, చూసినవాళ్ల పేరు రాసి సంతకాలు పెట్టాలి. ఈ చీటీలన్నీ సూదితో దారానికి గుచ్చి గోడకి వేలాడదీయండి, పాత కొట్లలో బిల్లులు గుచ్చినట్టు.

తేడాలు సాధారణంగా ఇలా వస్తాయి. పెరుగు తక్కువ పడుతుంది, ఎండపూట అందరూ దద్దోజనమే మళ్లీ అడుగుతారు. ఆటో అతను తిరుగు ప్రయాణానికి విడిగా అడుగుతాడు, ఎందుకంటే మాట్లాడినప్పుడు ‘రానూ పోనూ’ అని ఎవరూ అనలేదు. విస్తళ్లు రెండోసారి తిన్నవాళ్లకి కూడా లెక్కలోకి రావాలి. పులిహోర మిగులుతుంది. దాన్ని ఎవరికి ఇవ్వాలో ముందే అనుకోకపోతే పారబోస్తారు. డబ్బు మిగిలితే ఏం చేయాలన్నదీ డబ్బు వసూలు చేయకముందే ఓటు వేసి రాసుకోవాలి. తర్వాత అడిగితే తరగతి రెండుగా చీలుతుంది.

వనభోజనం మర్నాడే లెక్క చదవాలి, వారం ఆగితే ఎవరికీ గుర్తుండదు. ప్రతి పద్దుకీ అనుకున్నది, అయినది, తేడా, కారణం. కారణం గడిలో ‘ధర పెరిగింది’ అని ఊరికే రాస్తే ఒప్పుకోకండి. ధర పెరిగిందా, తూకం ఎక్కువ కొన్నారా, అడగడం మరిచారా? మూడూ వేరు. మొదటిది ఎవరి చేతిలోనూ లేదు, మిగతా రెండూ వాళ్ల చేతిలోవే.

మార్కులు వేయాల్సి వస్తే

ఎక్కువ దాచినవాళ్లకి ఎక్కువ మార్కులు వేయకండి. గవ్వలన్నీ పోగేసిన పిల్లకంటే, 30 ఖర్చవుతుందని రాసి 34 ఖర్చు పెట్టి ఆ నాలుగూ ఎందుకయ్యాయో చెప్పిన పిల్లకి బడ్జెట్ బాగా వచ్చినట్టు. నాలుగు వారాల చిట్టా పక్కపక్కన పెట్టి, తేడా వారం వారం తగ్గుతోందా అన్నదొక్కటీ చూడండి. పదికి ఐదు దానికి, మూడు కారణాలకి, రెండు చీటీలు జాగ్రత్తగా ఉంచినందుకు.

3 నుంచి 5 తరగతుల వాళ్లకైతే చింతగింజలు పదిహేనుకి, గళ్లు ఐదుకి తగ్గించండి. వడ్డీ వద్దు. రెండు తరగతులు ఒకే గదిలో కూర్చునే చోట పెద్ద తరగతి పిల్లలు కొట్టువాళ్లు, చిన్నవాళ్లు కొనుగోలుదారులు. చిల్లర తప్పు ఇస్తే పట్టుకోవడం చిన్నవాళ్లకి పండగ.

పదేళ్లు నిండిన పిల్లలు తమ పేరు మీద పోస్టాఫీసు పొదుపు ఖాతా తెరవచ్చు, మొదట 500 రూపాయలు వేయాలి. బ్యాంకుల్లోనూ పదేళ్లు దాటినవాళ్లు బ్యాంకు పెట్టిన పరిమితులకి లోబడి ఖాతా సొంతంగా నడుపుకోవచ్చని రిజర్వు బ్యాంకు 2025 ఏప్రిల్‌లో మళ్లీ స్పష్టం చేసింది. ఆసక్తి ఉన్న ఇళ్లకి ఈ సంగతి చీటీ మీద రాసి పంపండి. తరగతిలో ఎవరికి ఖాతా ఉంది, ఎవరికి లేదు అని చేతులెత్తించకండి.

ఆఖర్న వనభోజనం చిట్టానీ, దారానికి గుచ్చిన చీటీలనీ, చింతగింజల డబ్బానీ పిల్లల ఇళ్లకి పంపకుండా బీరువాలో పెట్టండి. వచ్చే ఏడు దసరా తర్వాత కొత్త పిల్లలు ‘అనుకున్నది’ రాయడానికి కూర్చున్నప్పుడు, వాళ్ల ముందు పెట్టాల్సిన మొదటి కాగితం ఈ ఏటి ‘అయినది’ వరస.